మైకులో పిలిచిన పేరు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ కుర్చీ ఇటు లాక్కో. కాఫీ చల్లారితే మళ్ళీ పెడతాలే. మా వీధి చివర, సముద్రం ఒడ్డున, నీలం కుర్చీల భోజన హోటలు ఉంది చూశావూ, సిఫిస్ హోటలు, ఆ ఇంటి కోడలు యాభై ఎనిమిదో ఏట మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కింది. ఆ సంగతి చెబుతాను, విను.

అది అక్టోబరు చివరి వారం. ఆమె వంటగదిలో నేల మీద మోకాళ్ళు ఆన్చి, పెద్ద ఓవెన్ లోపలికి తల దూర్చి, ఎండాకాలమంతా అడుగున పేరుకున్న మడ్డిని కత్తితో గీకుతోంది. వేసవి జనం వెళ్ళిపోయారు, హోటలు మూసేశారు. ఆలివ్ కాయలు దులిపే పని ఇంకా మొదలవలేదు. ఏడాది మొత్తానికీ ఆ రెండు పనుల మధ్య దొరికే పది రోజులే మా ఊరికి తీరిక. ఆ పది రోజుల్లో మగవాళ్ళు తుపాకులు భుజాన వేసుకుని కుందేళ్ళ వేటకు కొండెక్కుతారు, సాయంత్రం కాఫీ కొట్లో కూర్చుని దొరకని కుందేళ్ళ గురించి చెప్పుకుంటారు. ఆడవాళ్ళు ఓవెన్లు గీకుతారు, బల్లల మీది గుడ్డలన్నీ ఉతికి ఆరేస్తారు, కుర్చీలకు రంగు వేస్తారు. దాన్ని కూడా మా ఊళ్ళో తీరిక అనే అంటారు.

ఆమెను ఊరంతా సిఫెనా అంటుంది. మా గ్రీసు దేశపు క్రీట్ దీవి పల్లెల్లో అది ఆచారం. మొగుడు మనోలిస్ అయితే పెళ్ళాం మనోలెనా, మొగుడు సిఫిస్ అయితే పెళ్ళాం సిఫెనా. చర్చిలో పెళ్ళి కిరీటాలు తీసి మెట్లు దిగేసరికి పాత పేరు ఎక్కడో జారిపోతుంది, ఎవరూ వెనక్కి తిరిగి వెతకరు. ప్రభుత్వం వాళ్ళ కాగితాల మీద మాత్రం పుట్టింటి పేరే ఉంటుంది, ఇప్పటి చట్టం అట్లాంటిది. కానీ కాగితాలు ఉండేది బీరువాలో, బీరువా తాళం చెవి ఉండేది సిఫిస్ జేబులో. బ్యాంకు పని, కరెంటు ఆఫీసు పని అన్నీ అతనే చూస్తాడు. డాక్టరు మా ఊరివాడే, అతనూ సిఫెనా అనే పిలుస్తాడు. ఆమె అమ్మ పోయి పదకొండేళ్ళయింది. ఆ తర్వాత ఆ పాత పేరుతో పిలిచే నోరు లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ హోటల్లో వంట ఆమెదే. తెల్లారేసరికి ఉల్లిపాయలు, పొద్దు వాలేసరికి చేపలు. బోర్డు మీద పేరు సిఫిస్‌ది. తిన్నవాళ్ళు లేచి వెళ్ళేటప్పుడు మావైపు ఒక మాట అంటారు, నీ చేతులు చల్లగుండా అని, వండిన మనిషికి చెప్పే మాట అది. బల్లల మధ్య తిరిగేది సిఫిస్ కాబట్టి ఆ మాట సిఫిస్‌కే చెబుతారు. అతనేమో రెండు చేతులూ చాపి, అంతా మీ దయ అంటాడు. ఆ చేతులు ఇన్నేళ్ళలో ఒక్క ఉల్లిపాయ తరిగిన పాపాన పోలేదు. మొదట్లో ఆమె గిన్నెలు కడిగే చోట నిలబడి ఆ మాట విని నవ్వుకునేది. తర్వాత నవ్వడం మానేసింది. ఆ తర్వాత వినడం కూడా మానేసింది. ఎవరిదో పెళ్ళిలో ఒకరు, మీ ఆవిడ కూడా వంట బాగా చేస్తుందా అని అడిగితే సిఫిస్ ఏమన్నాడో తెలుసా? "సాయం చేస్తుందిలే" అన్నాడు. చెడ్డవాడని కాదు తల్లీ. ఆ మాట అన్నాక ఆమె పళ్ళెంలో తన వాటా మాంసం కూడా వేశాడు. అదే కదా చిక్కు, పూర్తిగా చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం తేలిక.

ఇక అత్తగారు మనోలెనా. ఎనభై నాలుగేళ్ళు, చేతికర్ర, చెవుడు. ఆ వంటగది ఒకప్పుడు ఆమెదే, పాతికేళ్ళు ఆమే ఏలింది. ఇప్పుడు గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని కోడలు ఎన్నిసార్లు గీకిందో లెక్కపెడుతుంది.

ఇలా ఉండగా పొలిక్సెని వచ్చి ఓవెన్ దగ్గర నిలబడింది. మా ఊళ్ళో ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే కొట్టు ఆమెది. మొగుడు పోయాడు. కొట్టు బోర్డు మీద సొంత పేరు ఉండటంతో ఆమెకు మాత్రం ఆ పేరే నిలబడింది. సముద్రం అవతల పెద్ద పట్నం థెస్సలొనీకిలో తన చెల్లెలు ఇంటికి తాళం వేసి రెండు నెలలు బయటికి వెళుతోందట, సముద్రం కనబడే ఇల్లట. నేను ముందు వెళ్ళి తలుపులు తీసి పెడతా, నువ్వు శుక్రవారం విమానంలో రా, మూడు రోజులు ఊరు తిరుగుదాం, మంగళవారానికి తిరిగి వచ్చేయొచ్చు అంది. టికెట్టు కోసం గుర్తింపు కార్డు అడిగింది. సిఫిస్ ఏ కళనున్నాడో బీరువా తీసి ఇచ్చాడు. పొలిక్సెని కార్డు చూసి కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది.

"ఒసే, నీ పేరు ఇంత బాగుంటుందా? గరిఫల్యా. లవంగం పువ్వు. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదు," అంది ఆమె, ఓవెన్ లోంచి తల తీయకుండానే.

సరే, టికెట్టు వచ్చింది. ఆమె మూడు రోజుల ముందే చిన్న పెట్టె సర్దుకుని మంచం కింద దాచింది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. రోజూ ఒకసారి తెరిచి, మడతలు సరిచేసి, మళ్ళీ మూసేది. గురువారం పొద్దున సిఫిస్ కాఫీ కొట్టు నుంచి వచ్చి, వేటగాళ్ళ సంఘం వాళ్ళు శనివారం మన దగ్గర విందు పెట్టుకుంటున్నారు, ముప్పై మంది, మాట ఇచ్చేశాను అన్నాడు. మేక తొడలు కూడా చెప్పేశాడట. ఆ ఊరు ఎక్కడికీ పోదుగా, వచ్చే నెల వెళ్దువులే అన్నాడు. వచ్చే నెల ఆలివ్ కాయలు. ఆ తర్వాత నూనె గానుగ. ఆ తర్వాత వాన. ఆ తర్వాత పండగ ఉపవాసాలు, కొత్త రంగులు, మళ్ళీ జనం. ఆమె మనసులో పన్నెండు నెలలూ గిర్రున తిరిగి, ఓవెన్ ముందుకే వచ్చి ఆగాయి. అత్తగారు గుమ్మం దగ్గర నుంచి గట్టిగా అంది, తనకు వినబడదు కాబట్టి ఎవరికీ వినబడదనుకుంటుంది ఆవిడ: "నేను పుట్టి బుద్ధెరిగి హనియా పట్నం దాటలేదు. నాకేమన్నా కొమ్ములు ఊడిపోయాయా?"

ఆ రాత్రి ఆమె నిద్రపోయిందో లేదో నాకు తెలియదు. శుక్రవారం పొద్దున చూస్తే వంటగది బల్ల మీద మేక తొడలు కడిగి, గుడ్డ కప్పి ఉన్నాయి. పక్కన వెల్లుల్లి, నిమ్మకాయలు, ఎండు వాము, బంగాళదుంపలు, అన్నీ వరసగా. ఆమె పెట్టె పట్టుకుని బస్సు కోసం నిలబడి ఉంది. అన్నీ అందించింది, చేసి మాత్రం పెట్టలేదు. ఆ ఒక్క అడుగు ముందుకు వేయడానికి ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది తల్లీ.

హనియా విమానాశ్రయంలో ఆమె గంటన్నర ముందే చేరి, గాజు గోడ పక్కన ఒక మూల కుర్చీలో కూర్చుంది. విమానాలు ఒళ్ళు విరుచుకుంటూ తిరుగుతున్నాయి. ఒడిలో చేతులు ఖాళీగా ఉన్నాయి, ఏం చేయాలో తోచక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అప్పుడు ఫోను మోగింది. సిఫిస్. రేపటి విందుకు మాంసం ఇవాళే ఊరబెట్టాలని ఎవరో చెప్పారట.

"ఏమే, వెల్లుల్లి ఎన్ని చోట్ల గుచ్చాలి?"

ఆమె చెప్పింది. లోతుగా గుచ్చాలని, ఎముక పక్కగా గుచ్చాలని, రెబ్బలు నిలువుగా చీల్చాలని. కత్తి ఏదని అడిగాడు. కత్తి ఎక్కడుందో చెప్పింది. ఉప్పు ఏదన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఉప్పు ఉన్న చోటే ఉందని చెప్పింది. నిమ్మరసం ఎప్పుడు, నూనె ఎప్పుడు, వాము ఎంత. చెబుతుంటే ఆమె కుడిచెయ్యి గాల్లోనే మాంసానికి మసాలా పట్టిస్తోంది. పక్కన కూర్చున్న ఒకాయన జరిగి కూర్చున్నాడు. పైన మైకులో ఎవరినో పిలవడం మొదలుపెట్టారు. గ్రీకులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. థెస్సలొనీకి వెళ్ళే ఫలానా ఆవిడ వెంటనే నాలుగో తలుపు దగ్గరికి రావాలి అని. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచేసరికి ఆమెకు విసుగొచ్చింది, సిఫిస్ మాట వినబడటం లేదు.

"గట్టిగా చెప్పు, ఇక్కడ గోలగా ఉంది. ఎవరో మహాతల్లి ఎక్కడో కాఫీ తాగుతూ కూర్చున్నట్టుంది, దాని కోసం విమానం ఆపేసి పిలిచి పిలిచి చస్తున్నారు. జనానికి బొత్తిగా బాధ్యత లేదు."

"నాకూ వినబడుతోంది," అన్నాడు సిఫిస్. "ఎవరే ఆ గరిఫల్యా కందిలాకి? మీ పుట్టింటి తాలూకా?"

"ఇంటిపేరు మాదే. మా పెదనాన్న కూతుళ్ళలో ఎవరైనా..." అని ఆమె ఆగిపోయింది.

ఆ ఆగిన క్షణంలో ఆమెకు ఎలా అనిపించిందో నాకు చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ వేరే పోలిక తెచ్చేది. చీకటి గదిలో నడుస్తూ అద్దానికి గుద్దుకున్నట్టు అని ఒకసారి. ఎవరి పిల్లో తప్పిపోయిందని అందరితో కలిసి వెతుకుతుంటే అది తనే అయినట్టు అని ఇంకోసారి. మొగుడికి గుర్తులేదు, సరే. తనకే గుర్తులేదు కదా. తన పేరును తనే పట్టుకుని, బాధ్యత లేని ఆడదని తిట్టింది కదా. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కాళ్ళు మాత్రం నిర్ణయించుకున్నాయి, పరుగెత్తాయి. పెట్టె ఒక చేత్తో, ఫోను చెవికి ఆన్చి ఇంకో చేత్తో, గరిఫల్యా కందిలాకి యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో పరుగెత్తింది. నాలుగో తలుపు దగ్గర నీలం చొక్కా పిల్ల చేయి ఊపుతోంది.

"గరిఫల్యా కందిలాకి మీరేనా అమ్మా?"

నేను సిఫెనాను అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. "నేనే," అంది.

"ఏమే," అంటోంది ఫోను, "ఓవెన్ ఎంత వేడి మీద పెట్టాలి? ఎంతసేపు? ఏమే?"

"ఫోను కట్టేయాలమ్మా," అంది నీలం చొక్కా పిల్ల.

ఆమె ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది. చాలా మామూలుగా, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టే చెప్పింది.

"సిఫి, నన్ను పిలుస్తున్నారు."

కట్టేసింది.

విమానంలో ఆమె పక్క సీటులో ఒక పూజారిగారు, నల్ల అంగీ, పొట్ట దాకా గడ్డం. విమానం కదలగానే ఆయన శిలువ గుర్తు వేసుకోవడం మొదలుపెట్టి ఆపలేదు. పైకి లేచేటప్పుడు గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. క్షమించు తల్లీ, సముద్రం మీద తుఫానులో కూడా నాకు భయం లేదు, ఇది మాత్రం నావల్ల కాదు అన్నాడు. ఫర్వాలేదు, నేనున్నానుగా అంది ఆమె, తనేదో రోజూ విమానం ఎక్కే మనిషిలా. ఆయన, ఇద్దరి కోసం ప్రార్థన చేస్తాను, నీ పేరేమిటి అని అడిగాడు. మా ప్రార్థనల్లో దేవుడికి ఇంటిపేర్లు చెప్పరు, మొగుడి పేరూ చెప్పరు. నామకరణంలో పెట్టిన పేరే చెప్పాలి. ఆమె చెప్పింది. గరిఫల్యా అనే నీ బిడ్డను క్షేమంగా దించు స్వామీ అని ఆయన గొణుగుతుంటే, ఆమెకు ఎక్కడో పొట్టలోంచి నవ్వు పుట్టింది. పొంగే పాలలా, మూత పెట్టినా ఆగని నవ్వు. పూజారిగారు ముందు కంగారుపడి, తర్వాత ఆయనా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. నవ్వుతూ భయం మరిచిపోయి చెయ్యి వదిలేశాడు.

కిటికీలోంచి కిందికి చూస్తే ద్వీపాలు పిండి చల్లిన పీట మీద వరసగా పెట్టిన రొట్టె ముద్దల్లా ఉన్నాయి. ఇంత సముద్రం పక్కన పుట్టి, ఇంత సముద్రం పక్కన కాపురం చేసి, దాన్ని పైనుంచి చూడటం ఇదే. హోటలు వంటగదికి ఒకే కిటికీ, అది కొండవైపు ఉంటుంది. ముందువైపు సముద్రం తినేవాళ్ళకి. ఒక పిల్ల వచ్చి కాఫీ, బిస్కెట్టు ఇచ్చి వెళ్ళింది. తాను అడగకుండా, లేవకుండా, వేడి కాఫీ. తాగింది. తాగగానే అలవాటు చొప్పున పూజారిగారి కప్పు తన కప్పులో పెట్టి, ముందు వరస వాళ్ళవి కూడా అడిగి తీసుకుని, తుడవడానికి గుడ్డ కోసం వెతుకుతుంటే ఆ పిల్ల పరుగున వచ్చింది. "అమ్మా, అది నా పని, మీరు కూర్చోండి." ఎవరైనా తనతో అలా అనగా ఆమె వినలేదు ఎన్నడూ. కూర్చుంది. వీపు సీటుకు పూర్తిగా ఆనించి కూర్చుంది. ఆ వీపు ఎంత అలసిపోయిందో అప్పుడు తెలిసింది.

గంటా పావు ప్రయాణం. దిగేసరికి పొలిక్సెని ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. ఫోను తెరిస్తే సిఫిస్‌వి పదిహేడు పిలుపులు. ఏం చేద్దామే అంది ఆమె. మేక మీద ఉన్న శ్రద్ధ నా మీద పెట్టు, ఆకలేస్తోంది అంది పొలిక్సెని. మూడు రోజులూ తిరిగారు. పొద్దునే పాల మీగడ పెట్టి పొరలు పొరలుగా కాల్చిన బుగాత్స తిన్నారు. మా హనియాలో దాన్ని జున్నుతో చేస్తారు, అదే అసలైనదని గరిఫల్యా కొట్టువాడితో వాదం పెట్టుకుంది. అతను, మీ క్రీట్ వాళ్ళు సలహాలు ఇవ్వడానికే విమానం ఎక్కుతారా అమ్మగారూ అంటూ రెండోది ఊరికే పెట్టాడు. సముద్రపు గోడ వెంట నడిచారు, కాళ్ళు నొప్పెట్టేదాకా, కూర్చోవాలనిపించిన చోటల్లా కూర్చున్నారు. ఒక హోటల్లో ఆల్చిప్పల పలావు తిని, లేచేముందు ఆమె నేరుగా వంటగది తలుపు దాకా వెళ్ళింది. లోపల చెమటలు కారుతూ లావుపాటి ఆవిడ. నీ చేతులు చల్లగుండా అంది. ఆవిడ గరిట పక్కన పెట్టి, తన చేతుల వంక చూసుకుంది. ఆదివారం పది గంటల దాకా నిద్రపోయింది తల్లీ మా గరిఫల్యా. లేచి, ఇంట్లో ఎవరైనా చచ్చిపోయారా, నన్ను ఎవరూ లేపలేదేం అని కంగారుపడితే పొలిక్సెని మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది.

మంగళవారం మధ్యాహ్నం ఊళ్ళో బస్సు దిగింది. సిఫిస్ ముఖం ముడుచుకుని తుపాకీ తుడుచుకుంటున్నాడు, అప్పటికే తళతళలాడుతున్నదాన్ని. విందు సంగతి ఊరంతా అప్పటికే చెప్పుకుంది. మేక తొడలు పైన బొగ్గు, లోపల పచ్చి. ముప్పై మంది రాకీ సారా తాగుతూ ఆకలితో బల్లలు కొడుతుంటే, కర్ర పక్కన పెట్టి అత్తగారే లేచిందట. ఎనభై నాలుగేళ్ళ మనిషి పొయ్యి ముందు నిలబడి, బంగాళదుంపలు వేయించి, ముప్పై మందికీ గుడ్లు కొట్టి పోసిందట.

గరిఫల్యా పెట్టె కింద పెట్టి, దెప్పుళ్ళకు సిద్ధమై నిలబడింది. అత్తగారు గుమ్మం పక్క కుర్చీలోంచి ఆమెను ఎగాదిగా చూసింది.

"గుడ్లు తిన్నారు," అంది ఆవిడ. "తిని మూతులు తుడుచుకుని, సిఫి, నీ చేతులు చల్లగుండా అన్నారు. వీడు చేతులు చాపాడు. నేను గరిట పట్టుకుని అక్కడే ఉన్నాను. పాతికేళ్ళు చెవులు బాగా పనిచేసినప్పుడు వీడి నాన్నకు చెబుతుంటే నాకు వినబడలేదే ఆ మాట. చెవుడొచ్చాక వినబడింది."

సిఫిస్ తుపాకీ తుడవడం ఆపాడు.

"నిన్ను అక్కడ మైకులో ఏమని పిలిచారు?" అని అడిగింది ముసలావిడ. "వీడు చెప్పాడులే, కానీ నువ్వు చెప్పు."

"గరిఫల్యా కందిలాకి."

ముసలావిడ ఆ పేరును పెదాల మీద ఒకసారి కదిపి చూసుకుంది. తర్వాత మెల్లగా, అంటే వీధి చివరికి వినబడేంత మెల్లగా చెప్పింది.

"నా పేరు స్తమాతియా. ఆగు అని అర్థం. నా ముందు వరసగా నలుగురు ఆడపిల్లలు పుట్టారు, ఇక ఆగాలని దేవుడికి చెప్పడానికి నాకు ఆ పేరు పెట్టారు. అందుకే మనోలెనా అంటుంటే హాయిగా ఊరుకున్నాను. నా కాలంలో కాగితాల మీద కూడా ఇంటిపేరు మీ మామదే. స్తమాతియా అన్న పేరొక్కటే నాది, అదీ ఆగమని. ఆగాను, ఎనభై నాలుగేళ్ళు." కర్రతో నేల మీద ఒకసారి తట్టింది. "వచ్చే ఏడు రెండు టికెట్లు తీయి. నాకు చెవుడు, మైకులో పిలిస్తే వినబడదు. నువ్వు పక్కనుండి విని చెప్పు."

అదమ్మా సంగతి. అక్టోబరు వస్తోంది, పెట్టె ఇప్పటికే రెండుసార్లు సర్ది రెండుసార్లు విప్పిందట ముసలావిడ. ఇది గుర్తుపెట్టుకో. మీ ఇంట్లోనో, దారిలోనో, ఎవరికైనా చెప్పు. చెప్పేటప్పుడు సిఫిస్ పెళ్ళాం, సిఫిస్ అమ్మ అని మాత్రం చెప్పకు. గరిఫల్యా అని, స్తమాతియా అని పేరు పెట్టి చెప్పు.